ఆట మాన్పించడం వైద్యం కాదు

"నడుస్తోందిగా అమ్మా, ఇంకేం కావాలి? కాలు పాడైన పిల్ల అని నలుగురి నోళ్ళలో పడకుండా ఉంటే చాలు మాకు."

కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి నాతో అన్న మాట ఇది. ఆమె కూతురికి అప్పటికి పదహారేళ్ళు. బడి కబడ్డీ జట్టులో కూతకెళ్ళే పిల్ల. జిల్లా పోటీల్లో, ఎండకి బండబారిన నేల మీద, అవతలి జట్టు పట్టు తప్పించుకోవడానికి వెనక్కి గెంతి ఒంటికాలి మీద దిగింది. మోకాల్లో 'టప్' మని చప్పుడైందట. గంటలోపే మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఎవరో స్ప్రే కొట్టారు. సాయంత్రం బస్సులో నిలబడే ఇంటికొచ్చింది. ఇంట్లో వేడి నూనె రాసి గట్టిగా మర్దనా చేశారు. మర్నాడు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే వెదురు బద్దలు పెట్టి కట్టేశాడు. మూడు వారాల తర్వాత కట్టు విప్పితే తొడ చిక్కిపోయి ఉంది. నడక వచ్చింది. కానీ మెట్లు దిగేటప్పుడు, పక్కకి తిరిగేటప్పుడు మోకాలు "జారిపోతోంది" అనేది. ఈ విషయం మా సంఘానికి తెలిసేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరో సంగతి. అంతకు ఏడాది ముందు అదే ఇంట్లో తమ్ముడికి క్రికెట్ ఆడుతూ చీలమండ బెణికితే, తండ్రి అదే రోజు మోటారు సైకిల్ మీద పట్నం తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీయించాడు. రెండు వారాలపాటు ఫిజియోథెరపీకి తిప్పాడు. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. కూతురంటే ప్రేమ లేనివాళ్ళూ కారు. కానీ కొడుకు మళ్ళీ ఆడాలి అనేది వాళ్ళకి ఆలోచించకుండానే తెలుసు. కూతురి ఆట మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోవాల్సిందేనని చుట్టూ ఉన్నవాళ్ళందరూ అప్పటికే అనుకుంటున్నారు. ఆమెకి దెబ్బ తగలడంతో ఆ ఆగడానికి ఒక కారణం దొరికింది, అంతే.

మనం బాల్య వివాహాల గురించి, చదువు మధ్యలో మానేయడం గురించి లెక్కలు తీస్తాం, సర్వేలు చేస్తాం. ఆట మధ్యలో మానేసిన ఆడపిల్లల గురించి ఎప్పుడైనా అడిగామా? వాళ్ళలో ఎంతమంది దెబ్బ తగిలి, సరైన వైద్యం అందక మానేశారో తెలుసా? చదువుకున్న ఇళ్ళలో కూడా 'ఆటలే కదా' అని తీసిపారేసే ఈ విషయం నిజానికి ఆడపిల్ల శరీరం మీద ఎవరికి హక్కుంది అనే ప్రశ్నే. పేద కుటుంబాల పిల్లలకి అది అంతకంటే ఎక్కువ కూడా. క్రీడాకారుల కోటాలో వచ్చే ఒక కాలేజీ సీటు, ఒక పోలీసు ఉద్యోగం ఆ మోకాలి మీద ఆధారపడి ఉంటాయి.

దెబ్బ తగిలితే ఆట అయిపోయినట్టేనా? కాదు. మన కళ్ళెదుటే ఉన్న ఉదాహరణలు చూడండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కి 2017లో భుజం తొలగింది. ఆపరేషన్ అయింది, దాదాపు ఏడాది బాక్సింగ్‌కి దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ఆమె ప్రపంచ చాంపియన్. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్‌లో గాయపడిన మోకాలితోనే ఆడి ఓడిపోయింది. ఆ నెలలోనే ఆపరేషన్ చేయించుకుని, 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది. పి.వి. సింధు 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచింది కాని, ఎడమ చీలమండ ఎముక చిట్లడంతో ఆ ఏడాది మిగతా పోటీలు ఆడలేకపోయింది. 2023 జనవరిలో మళ్ళీ కోర్టులో దిగింది. వీళ్ళ ముగ్గురి పట్టుదలని పత్రికలన్నీ పొగిడాయి. పొగడవలసిందే. కానీ పట్టుదల ఒక్కటే వాళ్ళని నిలబెట్టలేదు. డాక్టరు, ఫిజియోథెరపిస్టు, నెలల తరబడి రోజూ చేసిన వ్యాయామం, ఆ నెలల్లో తిండికి లోటు లేకపోవడం, 'తొందరపడకు' అని చెప్పే మనుషులు – ఇవన్నీ ఉన్నాయి. మన కబడ్డీ పిల్లకి పట్టుదల తక్కువేమీ కాదు. తక్కువైనవి మిగతావన్నీ.

గెంతడం, ఉన్నట్టుండి దిశ మార్చడం ఉండే ఆటల్లో మోకాలి మధ్య ఉండే ఏ.సి.ఎల్. అనే లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో 2 నుంచి 8 రెట్లు ఎక్కువని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. ఈ మాట వినగానే 'అందుకే ఆడపిల్లలకి ఇలాంటి ఆటలు వద్దనేది' అనేవాళ్ళు తయారవుతారు. శరీర నిర్మాణంలో, హార్మోన్లలో ఉన్న తేడాలకి ఇందులో కొంత పాత్ర ఉండవచ్చు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే మిగతా కారణాలన్నీ తప్పించుకుంటాయి. మగపిల్లవాడు నాలుగేళ్ళప్పటి నుంచి గోడలు దూకుతాడు, చెట్లెక్కుతాడు. కిందికి దూకినప్పుడు మోకాళ్ళు ఎలా వంచాలో అతని కాళ్ళకి తెలియకుండానే అలవాటవుతుంది. ఆడపిల్లని పదేళ్ళు 'దూకకు, గెంతకు, కాళ్ళు దగ్గర పెట్టుకో' అని పెంచి, పదమూడో ఏట జట్టులో వేసి గెంతమంటాం. తొడ వెనక కండరాలకి, తుంటి కండరాలకి బలం ఎక్కడి నుంచి వస్తుంది? జిమ్ ఉంటే అది మగపిల్లలది. బూట్లు ఉంటే అన్నవి పాతవి. పోటీలు పది రోజులుందనగా ఇంటి నుంచి పిలిపించి రోజుకి రెండు పూటలా ప్రాక్టీసు పెడతారు. అలవాటు లేని శరీరం మీద ఒక్కసారిగా అంత భారం పడితే కండరం పట్టేస్తుంది, పిక్క ముందు ఎముక నొప్పెడుతుంది, ఒక్కోసారి ఎముకే సన్నగా చిట్లుతుంది.

తిండి సంగతి వేరే చెప్పాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తిన్నదానికంటే ఎక్కువ శక్తి ఖర్చు పెట్టే ఆటగత్తెలకి నెలసరి తప్పుతుంది. చాలామంది పి.ఇ.టి.లకి ఇది తెలియదు. తెలిసినా అడగడానికి సిగ్గుపడతారు. కొందరు పిల్లలైతే 'పీడా పోయింది' అని సంతోషిస్తారు కూడా. మూడు నెలలు వరసగా నెలసరి రాలేదంటే ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి అది హెచ్చరిక కావచ్చు. డాక్టరుకి చూపించాల్సిన విషయం. నెలసరి గురించి మాట్లాడలేని చోట ఆడపిల్లల ఎముకలకి కూడా రక్షణ లేదన్నమాట.

ఇవన్నీ మార్చగల విషయాలే. నార్వేలో 13-17 ఏళ్ళ ఫుట్‌బాల్ అమ్మాయిల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2008లో వెలువడింది. ప్రాక్టీసుకి ముందు 20 నిమిషాలు ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. దానికి యంత్రాలేమీ అక్కర్లేదు. నెమ్మదిగా పరుగు, పక్కకి పరుగు. ఒంటికాలి మీద తూలకుండా నిలబడటం. గుంజీళ్ళ లాంటివి, కాని మోకాళ్ళు లోపలికి వాలిపోకుండా చూసుకుంటూ. గెంతి రెండు కాళ్ళ మీద చప్పుడు కాకుండా మెత్తగా దిగడం. మోకాళ్ళ మీద నిలబడి, వెనకనుంచి ఒక పిల్ల చీలమండలు పట్టుకుంటే, నడుం వంచకుండా మెల్లగా ముందుకి వాలడం. ఈ చివరిది తొడ వెనక కండరాల గాయాలని సుమారు సగానికి తగ్గిస్తుందని పరిశోధనలు చూపించాయి. కస్తూర్బా పాఠశాలలో, గురుకులంలో, మన సంఘం నడిపే కిశోర బాలికల బృందంలో ఇవి చేయించడానికి నయాపైసా ఖర్చు లేదు. కావలసింది ఇరవై నిమిషాలు, వాటికి విలువ ఇచ్చే పెద్దవాళ్ళు.

ఎంత జాగ్రత్తపడినా దెబ్బలు తగులుతాయి. తగిలినప్పుడు ఏం చెయ్యాలో మన కార్యకర్తలకైనా తెలిసి ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం వద్దు, నూనె మర్దనా వద్దు. వాటివల్ల లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి. ఆట వెంటనే ఆపించాలి. 'ఇంకో రెండు నిమిషాలే, ఆడెయ్' అనకూడదు. మెత్తటి క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టాలి. గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. అంతేగాని ఐసు గాయాన్ని మాన్పదు. దెబ్బ తగిలిన చోట ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా, నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయినా, కాలు వంకరగా కనిపించినా, తిమ్మిరెక్కినా ఎక్స్‌రే తీయించాలి. మోకాల్లో చప్పుడై రెండు గంటల్లోపు బాగా వాచిందంటే లోపల లిగమెంటు తెగి ఉండవచ్చు. అది ఎక్స్‌రేలో కనపడదు. 'ఎముక బాగానే ఉంది, పర్వాలేదు' అని పంపించేస్తే ఊరుకోకూడదు. ఎముకల డాక్టరు చేత్తో పరీక్ష చెయ్యాలి, అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయించాలి.

కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి జనం ఎందుకు వెళ్తారో మనకి తెలియనిది కాదు. దగ్గర్లో ఉంటారు, తక్కువ తీసుకుంటారు, మనిషిని మనిషిలా పలకరిస్తారు. వాళ్ళని వెక్కిరించి లాభం లేదు. కానీ తెగిన లిగమెంటు కట్టుతో అతుక్కోదు. వారాల తరబడి కదలకుండా బిగించిన కాలిలో కండరం కరిగిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది. ఈ మాట గట్టిగా చెప్పాలంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రి వాళ్ళకి అందుబాటులో ఉండాలని కూడా గట్టిగా అడగాలి.

ఫిజియోథెరపీ అంటే మన ఊళ్ళలో చాలామందికి 'కరెంటు పెట్టడం' లేదా మాలీషు. అది కాదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజియోథెరపిస్టులని ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించింది. గాయపడిన శరీరానికి ఏ రోజు ఎంత భారం వెయ్యాలో తెలిసినవాళ్ళు వాళ్ళు. మోకాలి గాయమైతే మొదట వాపు తగ్గించి, కాలు పూర్తిగా చాచగలిగేలా చేస్తారు. మంచం మీద కూర్చునే తొడ కండరాన్ని బిగించి వదలడంతో మొదలవుతుంది. తర్వాత మడమ జరుపుతూ మోకాలు వంచడం, సగం గుంజీళ్ళు, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలకడ. అవి కుదిరాక పరుగు, గెంతు. చిట్టచివర దిశ మార్చడం. నొప్పి లేదు కాబట్టి నయమైపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి రావాలి. ఏ.సి.ఎల్. ఆపరేషన్ అయినవాళ్ళు తొమ్మిది నెలల కంటే ముందే ఆటలోకి దిగితే మళ్ళీ గాయపడే ప్రమాదం చాలా ఎక్కువ. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు కూడా. స్వీడన్‌లో 121 మంది మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, ముందు వ్యాయామ చికిత్స చేసి అవసరమైతేనే ఆపరేషన్ అన్నవాళ్ళలో సగానికి పైగా రెండేళ్ళ దాకా ఆపరేషన్ లేకుండానే గడిపారు. గెంతే ఆటలు పోటీల స్థాయిలో ఆడాలనుకునే పిల్లలకి డాక్టర్లు తరచు ఆపరేషనే చెబుతారు. ఏది ఎంచుకున్నా వ్యాయామం తప్పదు. ఆపరేషన్‌కి అప్పు చేసి, ఆ తర్వాతి ఫిజియోథెరపీకి బస్సు చార్జీలు లేక మానేసిన కుటుంబాలని చూశాను. విత్తనం వేసి నీళ్ళు పెట్టకపోవడం లాంటిదే అది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. డాక్టరు 'విశ్రాంతి' అని రాస్తాడు. ఆడపిల్లకి విశ్రాంతి ఎక్కడిది? ఆటకి విశ్రాంతి దొరుకుతుంది, బిందెకి దొరకదు. మా కబడ్డీ పిల్ల కట్టు విప్పిన మర్నాటి నుంచి రెండు బిందెలతో నీళ్ళు మోసింది. పీట వేసుకుని, మోకాళ్ళు పూర్తిగా ముడిచి బట్టలు ఉతికింది. కానీ రోజూ అరగంట గది తలుపు వేసుకుని వ్యాయామం చేస్తుంటే మాత్రం 'పనీపాటా లేదా' అని నానమ్మ తిట్టేది. తన శరీరం కోసం తను అరగంట తీసుకోవడం ఆడదానికి ఇప్పటికీ నేరమే. ఫిజియోథెరపీ చీటీలో ఈ అరగంటని ఏ డాక్టరూ రాయలేడు. దాన్ని సంపాదించి పెట్టాల్సింది మనలాంటివాళ్ళం.

శరీరాన్ని తాకి చేసే వైద్యం ఇది. తొడ, తుంటి, నడుము పట్టి చూడాలి. చాలా ఆసుపత్రుల్లో ఉండేది మగ ఫిజియోథెరపిస్టే. పిల్ల సిగ్గుపడుతుంది, తల్లి భయపడుతుంది, రెండో రోజు నుంచి రారు. మర్యాదగా వైద్యం చేసే మగవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ మర్యాదని వాళ్ళ మంచితనానికి వదిలెయ్యకూడదు, అది నియమం కావాలి. ఎక్కడ, ఎందుకు తాకుతున్నారో ముందే చెప్పాలి. పిల్ల సరేననాలి. ఇంకొక స్త్రీ పక్కన ఉండాలి. 'వద్దు' అంటే ఆపాలి. మహిళా మల్లయోధులు 2023 జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నాక కూడా క్రీడల్లో లైంగిక వేధింపులు లేవని ఎవరైనా అంటే నమ్మేదెలా? పనిస్థలాల్లో లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం క్రీడా సంస్థలని, స్టేడియాలని, పోటీలు జరిగే స్థలాలని కూడా పనిస్థలాలుగానే చెప్పింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. మన జిల్లా స్టేడియంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో ఎంతమందిమి అడిగాం?

మనల్ని మనం కూడా ప్రశ్నించుకుందాం. ఏటా మార్చి 8కి ఆటల పోటీలు పెడతాం. ఇరవయ్యేళ్ళుగా పరిగెత్తని అక్కలని, చీరకుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని మిట్టమధ్యాహ్నం పరుగు పందెంలో దిగమంటాం. తాడు లాగమంటాం. ఒకామెకి పిక్క పట్టేస్తే, ఇంకొకామె నడుం పట్టుకుని కూలబడితే అందరం నవ్వుతాం. ఆమె మర్నాడు కూలికి వెళ్ళలేకపోయిందన్న సంగతి మన నివేదికలోకి ఎక్కదు. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, ఎండ దిగాక ఆటలు పెడితే పండగ చెడిపోదు కదా. 'ఆటల ద్వారా సాధికారత' అని ప్రాజెక్టులు రాసే సంస్థలు జెర్సీలకి, బ్యానర్లకి డబ్బు చూపిస్తాయి. ప్రథమ చికిత్సకి, ఫిజియోథెరపీకి ఒక్క గీత కూడా గియ్యవు. ఆడపిల్లలని మైదానంలోకి తెచ్చిన మనం, వాళ్ళు కిందపడితే బాధ్యత మనది కాదనలేం.

అందుకని కొన్ని విషయాలు గట్టిగా అడగాలి. ఆడపిల్లల పాఠశాలల్లో, గురుకులాల్లో, క్రీడా పాఠశాలల్లో ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలింది, ఏ వైద్యం జరిగింది, తిరిగి ఆడారా లేదా అని ఒక రిజిస్టరు ఉండాలి. రాయనిది ఎవరికీ కనపడదు. గాయాల నివారణ వ్యాయామాల్లో ప్రతి పి.ఇ.టి.కి శిక్షణ ఇవ్వాలి. పోటీలు జరిగే ప్రతి చోటా ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, ఒక వాహనం ఉండాలి. ఏరియా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టుల ఖాళీలు నింపి, స్త్రీలని నియమించాలి. క్రీడాకారిణుల బీమా ఆపరేషన్‌తో ఆగకుండా, తర్వాతి నెలల వ్యాయామ చికిత్సకీ ప్రయాణ ఖర్చులకీ వర్తించాలి. గాయపడిన పిల్ల హాస్టలు సీటు, క్రీడా కోటా అవకాశం ఆ నెలల్లో పోకూడదు. ఇవి దయతో ఇచ్చే వరాలు కావు. రాష్ట్రం పేరు మీద ఆడి పడ్డ పిల్లకి రాష్ట్రం బాకీ ఉన్న వైద్యం.

మా కబడ్డీ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. లిగమెంటు తెగిందని ఆలస్యంగా తెలిసింది. ఆపరేషన్‌కి ఇంట్లో ఒప్పుకోలేదు. వారానికి రెండు రోజులు ఆసుపత్రికి మా కార్యకర్త ఒకామె తోడు వెళ్ళింది. మిగతా రోజుల్లో ఆ పిల్ల ఇంటి గుమ్మం మెట్టు మీదే ఎక్కి దిగింది. రబ్బరు పట్టీ కొనే స్తోమత లేక పాత సైకిలు ట్యూబు కోసి మంచం కోడుకి కట్టి కాలితో లాగింది. ఎనిమిది నెలలు పట్టింది. మోకాలు జారడం ఆగిపోయింది. పరిగెత్తగలుగుతోంది. కానీ ఈలోగా క్రీడా కోటా దరఖాస్తు గడువు దాటిపోయింది, కూతకెళ్ళే స్థానం ఇంకొకరికి వెళ్ళింది. మొదటి వారంలోనే ఆసుపత్రికి వెళ్ళి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇప్పుడు సాయంత్రాలు బడి మైదానంలో చిన్నపిల్లలకి గెంతి దిగడం నేర్పుతోంది. మొన్న నేను వెళ్ళినప్పుడు ఒక పిల్లని నాలుగోసారి గెంతిస్తోంది. 'చప్పుడు రాకూడదే, పిల్లిలా దిగాలి' అంటోంది. మైదానం గోడ అవతల వాళ్ళమ్మ నిలబడి చూస్తోంది. 'ఎంతసేపని' అని విసుక్కుంది గాని, ఇంటికి రమ్మని మాత్రం పిలవలేదు.